ఓబయ్య నునుపు చేసిన బిళ్ళలు

“ఆయన దగ్గు బిడ్డకు అంటుకుంటే ఏం జేస్తావ్ లూదియా? నేను ఒక్కదాన్ని ఎన్ని దిక్కులని కనిపెట్టేది?”

తల్లి మరియమ్మ ఈ మాట అనేసరికి లూదియా ఇంకా చెప్పులు కూడా విడవలేదు. నంద్యాల బస్సు దిగి, చేతిసంచీతో అప్పుడే గడపలో కాలు పెట్టింది. వసారాలో బొంత పరిచి ఉంది. బొంత మీద పాప లేదు. తల్లి చూపించిన వైపు చూస్తే, వీధికి అవతల విగ్రహాలు చెక్కే కొట్టం చివర, పాప సలోమి నేల మీద చతికిలబడి ఉంది. దాని ఎదుట ఓబయ్య ఒక విగ్రహాన్ని పడుకోబెట్టి, నీళ్ళు పోస్తూ సానరాయితో రుద్దుతున్నాడు. రాతి మీది నుంచి కారి వస్తున్న బూడిదరంగు నీళ్ళలో పాప అరచేతులు కొట్టి కేరింతలు పెడుతోంది.

లూదియా పరుగున పోయి బిడ్డను చంకనెత్తుకుంది.

“తీస్కపో తల్లీ. నేను పిల్చలేదు. నీళ్ళ సప్పుడు యాడుంటే ఆడికే వస్తాది నీ కూతురు,” అన్నాడు ఓబయ్య. ఆ మాట అని, మొహం గోడవైపు తిప్పుకొని, తలపాగా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గాడు. తడి లేని దగ్గు అది. లోపల ఏదో గీరుకున్నట్టు ఉంటుంది, ఒక పట్టాన ఆగదు.

ఇంటికి వచ్చి లూదియా పాప చేతులు సబ్బుతో కడిగింది. కడిగినవే మళ్ళీ కడిగింది. వీధి అవతలి నుంచి అతను చూస్తున్నాడని తెలిసి కూడా కడిగింది.

అది ఎనభై రెండో సంవత్సరం. లూదియా నంద్యాలలో ఒక కాలేజీలో కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ చేయించేది. భర్త యేసుదాసు పాములపాడు బళ్ళో అయ్యవారు. బిడ్డను చూసుకునేవాళ్ళు నంద్యాలలో లేక, ఆళ్ళగడ్డలో తల్లి దగ్గర వదిలి, సోమవారం తొలి బస్సుకు పోయి శనివారం వచ్చేది. మధ్యలో రోజులన్నీ ప్రాణాలు అరచేతిలో పెట్టుకునే ఉండేది. చదువులేని తల్లులకు దిష్టి భయం, గాలి భయం. లూదియాకు క్రిముల పేర్లు తెలుసు, అవి ఎన్నాళ్ళకు ఏ అవయవం పట్టుకుంటాయో తెలుసు. ఆ తెలివి భయాన్ని తగ్గించలేదు, దానికి పేర్లు మాత్రం పెట్టింది.

ఓబయ్యకు టీబీ అని ఊరంతా అనుకునేది. సూదులు పొడిచారు, గుప్పెడు మాత్రలు మింగించారు. దగ్గు తగ్గలేదు, ఒళ్ళు పట్టలేదు. టీ కొట్టువాడు అతని గ్లాసు వేరే మేకుకు తగిలించాడు. యాభై దాటని మనిషి డెబ్బై ఏళ్ళవాడిలా వంగిపోయాడు.

అతనిది నల్లమల అంచున ఒక పల్లె. తండ్రి రోళ్ళకు, తిరగళ్ళకు కక్కు కొట్టేవాడు. వాడగా వాడగా నున్నబడిపోయిన రాతికి ఉలితో మళ్ళీ గంట్లు పెట్టడమే ఆ పని. కొండ నుంచి తెల్లరాయి దొర్లించుకొచ్చి కొత్త రోళ్ళు కూడా చేసేవారు. ఆ రాయి మహా గట్టిది. ఉలి దెబ్బ పడితే పిండిలాగా లేచేది. ఓబయ్యకు పాలపళ్ళు ఊడకముందే చేతికి సుత్తె వచ్చింది. పాములపాడు మొదలుకొని కొలిమిగుండ్ల దాకా పల్లెపల్లెనా తిరిగి, ఇంటి ముందర కూచుని రోలు కొట్టి, మొహం మీది తెల్లపిండి తుడుచుకుని లేచేవాడు. ఇంటి ఇల్లాలు కూలి గింజలతో పాటు ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేది. బెల్లం తింటే గొంతులోని రాతిపొడి కడుపులోకి దిగిపోతుందని రాళ్ళ పనివాళ్ళందరి నమ్మకం.

ఊళ్ళలోకి పిండిమరలు వచ్చాక రోళ్ళ పని పోయింది. ఓబయ్య భార్య గోవిందమ్మను వెంటబెట్టుకుని ఆళ్ళగడ్డ వచ్చి ఈ కొట్టంలో చేరాడు. చెక్కే కులం కాదు కాబట్టి దేవుళ్ళ కళ్ళూ ముక్కులూ అతని చేతికి ఇచ్చేవారు కాదు. పెద్దబండను కొట్టి ముతక రూపు తేవడం వరకే అతని వంతు. ఊపిరి అందక సుత్తె ఎత్తలేకపోయాక, మేస్త్రి జాలిపడి నునుపు పని ఇచ్చాడు. కూచుని చేసే పని, నీళ్ళ పని.

ఆ నునుపు పనే లూదియాను అతని దగ్గరికి మళ్ళీ పంపింది.

ఉద్యోగం చేస్తూనే ఆమె యూనివర్సిటీలో ఒక ప్రొఫెసరు దగ్గర పీహెచ్‌డీకి చేరి ఉంది. అక్కడి కొలిమిలో కాల్చిన రాతి బిళ్ళలు, చొక్కా గుండీలంతవి, ఆమెకు ఇచ్చారు. వాటి ముఖాలు అద్దంలా నునుపు కావాలి. గరుకుగా ఉంటే నీళ్ళు ఎంతమేర తగిలాయో లెక్క తేలదు. నునుపు చేసే యంత్రం నంద్యాలలో లేదు. మరుసటి శనివారం పాపను తల్లికి అప్పజెప్పి, వీధి దాటి, కొంచెం ఎడంగానే నిలబడి పొట్లం విప్పింది.

“ఏందమ్మా ఇవి? ఆటబిళ్ళలా?”

“రాళ్ళే మామా. కాల్చి చేసిన రాళ్ళు. నీ విగ్రహాల మాదిరి నున్నగా కావల్ల.”

“ఏ దేవునికి?”

“దేవునికి కాదు. అణువులతో కరెంటు తీసే కేంద్రాలుంటాయి గదా. ఆడ పొయ్యిలో బూడిద మిగిలినట్ల ఒక విషం మిగుల్తాది. వేల ఏండ్లు పోయినా దాని విషం చావదు. దాన్ని ఇట్లాంటి రాతిలో కలిపి కాల్చి, భూమిలో లోతుగా పూడ్చి పెట్టల్లని చూస్తాండారు.”

ఓబయ్య చేతిలోని బిళ్ళను మెల్లగా కింద పెట్టాడు. “దీంట్లో ఉండాదా అది?”

“లేదు మామా. దీంట్లో ఉండేది స్ట్రాన్షియమనే మామూలు లోహం. విషం లేదు. ఇది ఎంత బయటికొస్తే, విషముండే స్ట్రాన్షియం గూడా అంతే వస్తాదని లెక్క.”

“అంటే అల్లున్ని పిలిస్తే అల్లుని తమ్ముణ్ణి పంపినట్ల.”

లూదియాకు నవ్వొచ్చింది. అతని దగ్గర నిలబడి ఆమె నవ్వడం చాలాకాలం తర్వాత అదే మొదటిసారి.

“పూడ్సినాక ఏం జేస్తారు?”

“భూమిలో నీళ్ళుంటాయి గదా. ఆ నీళ్ళు తగిలితే రాయి ఎంత కరుగుతాదో చూడల్ల. నా పని అదే. ఎంత తక్కువ కరిగితే అంత మంచిది.”

“రాయి కరుగుతాదా? నేను పుట్టినకాడ్నించి రాళ్ళల్లోనే ఉండా. రాయి పగుల్తాది, అరుగుతాది. కరగనీకి ఏమన్నా ఉప్పుగల్లా?”

“కరుగుతాది మామా. కంటికి కనపడదు, అంతే. ఈ బిళ్ళలో కాల్షియముంది, టైటానియముంది. నీళ్ళు తగిలితే ముందు కాల్షియం బయటికి పోతాది, స్ట్రాన్షియం దాని వెంట పోతాది. కరగని టైటానియం పైన పొర మాదిరి మిగుల్తాది. ఆ పొర మందమయ్యేకొద్దీ కరిగేది తగ్గుతా వస్తాది.”

“నీ బిళ్ళ సంగతి సరే. అన్ని రాళ్ళూ కరుగుతాయా?”

“ప్రతి రాయీ కరుగుతాది. ఒకటి బెరీన, ఒకటి నిదానంగా.”

క్లాసులో పిల్లలకు చెప్పినట్టే చెప్పింది. ఓబయ్య నవ్వలేదు. సానరాయిని నీళ్ళ తొట్టిలో ముంచి, బయటికి తీయడం మరిచిపోయి, అట్లే పట్టుకున్నాడు.

“చన్నీళ్ళల్లోనా, వేన్నీళ్ళల్లోనా?”

“వేన్నీళ్ళల్లోనే ఎక్కువ. ముందు చన్నీళ్ళల్లో పెట్టి చూస్తా. తర్వాత వేడి పెట్టెలో పెడతా.”

“సరే, పెట్టిపో. బాగ జేస్తా,” అన్నాడు.

బాగానే చేశాడు. కిటికీ ఊచలు వాటిలో నిలువుగా కనబడేంత నునుపు తెచ్చాడు. లూదియా వాటిని నంద్యాల తీసుకుపోయి, డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, మూతలున్న ప్లాస్టిక్ డబ్బాల్లో నీళ్ళు పోసి ముంచింది. వారానికోసారి ఆ నీళ్ళు తీసి పరీక్ష చేసి, కొత్త నీళ్ళు పోసేది. నిలవనీళ్ళలో కరిగింది పేరుకుపోతే ఇక రాయి కరగడం మందగిస్తుంది. నీళ్ళు మారుస్తుంటేనే రాయి అసలు గుణం బయటపడుతుంది.

ఆళ్ళగడ్డ వచ్చినప్పుడల్లా ఓబయ్య మొదట అడిగేది ఒకటే. “ఏమమ్మా, కరిగిందా?” ఆమె చూస్తున్నానని చెప్పేది. తన చేతిపని ఎట్లా ఉందో అని అడుగుతున్నాడనుకునేది.

ఒక శనివారం గోవిందమ్మ బిందె చంకన పెట్టుకుని మరియమ్మ వాకిట్లో ఆగింది. “మా ఆయన్ను ఏం జేసినావే లూదియా? పొద్దుగూకులూ వేన్నీళ్ళే తాగుతాండాడు. ఒక చెంబు కడుపులో పడ్తానే ఇంకో చెంబు పొయ్యి మీద పెట్టమంటాడు. కట్టెలు తెచ్చేది నేను, కాంచేది నేను. ఈయన తాగేదానికి సంగటి చేసే పొయ్యి ఖాళీ లేదు.”

“వేన్నీళ్ళు దగ్గుకు మంచిదే అత్తా,” అంది లూదియా.

“మంచిదే. కుందూ నదిని కాంచి పోసినా తాగేటట్లుండాడు.”

అందరూ నవ్వారు. లూదియా కూడా నవ్వింది.

ఆ నెల చివర ఆమె దగ్గర ఫలితం ఉంది. నీళ్ళలో కాల్షియం లేదు. పరీక్ష మళ్ళీ చేసింది. లేదు. స్ట్రాన్షియం కోసం నమూనాలు యూనివర్సిటీకి పంపితే అక్కడా లేదన్నారు. ప్రొఫెసరు ఎప్పుడూ లేనిది కాఫీ తెప్పించి ఇచ్చాడు. ఆ శనివారం లూదియా మిఠాయి పొట్లంతో బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా నేరుగా కొట్టం దగ్గరికి వెళ్ళింది.

“కరగలేదు మామా.”

ఓబయ్య తలెత్తాడు. “ఏందీ?”

“నీ బిళ్ళలు. అన్ని వారాలు నీళ్ళల్లో ఉన్నా కరగలేదు.”

“రవ్వంత గూడా?”

“రవ్వంత గూడా కరగలేదు.”

అతని చెయ్యి రాతి మీద ఆగిపోయింది. పోసిన నీళ్ళు పక్కలకు జారిపోయాయి. “మంచిదే గదమ్మా,” అన్నాడు. “నీకు మంచిదే.” మిఠాయి తీసుకుని, తినకుండా గూట్లో పెట్టాడు.

తర్వాతి శనివారం అతను పనిలో లేడు. గోవిందమ్మ ఒక్కతే గుడిసె ముందు కూచుని ఉంది. ఈసారి ఆమె నోట హాస్యం లేదు.

“వేన్నీళ్ళు మానేసినాడు. కూడు గూడా సరిగ్గ తినడంలే. ఏమయ్యా అంటే, కరగదంటగదే, ఇంగ ఎందుకు అంటాడు. డాక్టర్లు టీబీ అన్నారు గానీ, ఆయన మొదట్నించీ ఒకటే మాట. నా రొమ్ములో ఉండేది రాయే, నేను కొట్టిన రోళ్ళ పిండంతా లోపల్నే ఉండాది అంటాడు. అన్ని రాళ్ళూ కరుగుతాయని నువ్వు చెప్పినావంట. అప్పట్నించీ మనిషికి కండ్లల్లో కళ వచ్చినాది. వచ్చే ఎండాకాలం దాటితే మళ్ళా సుత్తె పడతా అన్నాడు. ఇప్పుడేమో నువ్వే కరగదంటివి.”

 మిఠాయి తెచ్చి తను చెప్పిన మాట అతనికి ఏమని వినిపించిందో లూదియాకు అప్పుడు తెలిసింది.

సోమవారం నంద్యాల పోయి, పని మీద మనసు లేకుండానే రెండో పరీక్ష మొదలుపెట్టింది. డబ్బాలు వేడి పెట్టెలో పెట్టింది. మర్నాడు మూత తీస్తే నీళ్ళ మీద నూనె సుడులు తేలుతున్నాయి. చల్లారేసరికి అవి తెల్లగా గడ్డకట్టాయి. డబ్బా తప్పేమోనని రెండోది తీసింది, మూడోది తీసింది. అన్నిటిలోనూ అంతే.

శనివారం ఓబయ్య పక్కన మోకాళ్ళ మీద కూచుంది. “మామా, బిళ్ళలకు ఏమన్నా పూసినావా?”

“పూయకుండా ఎట్లిస్తానమ్మా? ఆముదంలో మైనం కరగబెట్టి, రాయిని వెచ్చజేసి, పట్టించి ఇచ్చినా. నునుపు చేసిన రాయిని ఎండుగా ఎవురన్నా బయటికి పంపిస్తారా? నూనె లేని రాయి కళ తప్పి పాలిపోతాది. కొట్టంలో ఎవుర్నయినా అడుగు.” ఆమె మొహం చూసి ఆగాడు. “తప్పు జేస్తినా?”

తప్పు లూదియాదే. నీళ్ళతో రుద్ది ఇస్తాడనుకుంది, అడగలేదు. స్పిరిట్‌తో తుడిచి ఉంటే మొదటిరోజే బయటపడేది, తుడవలేదు. నీళ్ళు రాతిని తాకనే లేదు, ఆముదాన్ని తాకి వెనక్కి వచ్చాయి. అన్ని వారాల పని గంగపాలయింది. ప్రొఫెసరు ఆ తర్వాత చాలాకాలం ఆమెతో సరిగా మాట్లాడలేదు.

కానీ ఓబయ్య ఆ సంగతి పట్టుకోలేదు. వేరేది పట్టుకున్నాడు. చాప మీద మోచేయి ఊని లేచి కూచున్నాడు. “అంటే నూనె ఉన్నందుకు కరగలేదన్నమాట. నూనె లేకపోతే కరుగుతాదా?”

“ఆ బిళ్ళ కరుగుతాది, కొంచెం.”

“మరి నాలో ఉండేది?”

ఔనని ఒక్కమాట అంటే చాలు, ఆ కళ్ళలోకి కళ మళ్ళీ వస్తుంది. కట్టెలు తెచ్చే గోవిందమ్మ కూడా ఆ మాట కోసమే గుంజకు ఆనుకుని చూస్తోంది.  “నంద్యాలకు రా మామా. రొమ్ము ఫోటో తీయిస్తాం. తెలిసిన డాక్టరున్నాడు,” అంది లూదియా.

వచ్చాడు. బస్సులో కిటికీ పక్కన కూచోబెడితే, సిరివెళ్ళ దాటేదాకా ఊపిరి కోసం నోరు తెరిచే ఉన్నాడు. డాక్టరు కళ్ళె పరీక్ష చేయించి, ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూపించాడు. రెండు ఊపిరితిత్తుల నిండా తెల్లటి చుక్కలు, పొలంలో చల్లిన జొన్నల్లా. టీబీ క్రిములు లేవని చెప్పాడు. ఇది రాతిపొడి జబ్బని, ఒకరి నుంచి ఇంకొకరికి అంటుకోదని చెప్పాడు. ఆ పొడి పోదా అని లూదియా ఇంగ్లీషులో అడిగితే, ఆయన తలమాత్రం అడ్డంగా ఊపాడు.

అంటుకోదన్న మాట వినగానే లూదియా, పాప దక్కింది అనుకుంది. అదే క్షణాన పక్కనున్న మనిషిని చూసి, అట్లా అనుకున్నందుకు తల వంచుకుంది.

ఆస్పత్రి బయట వేపచెట్టు నీడలో ఓబయ్య అడిగాడు. “నువ్వు ఇంగ్లీషులో ఏమడిగినావు? ఆయన ఏమని తలూపినాడు? తెలుగులో చెప్పు.”

“కరగదు మామా.” అబద్ధం చెప్పడానికి వీలుకాని చూపు అతనిది. “నీ కొండరాయి వేరు, నా బిళ్ళ వేరు. కొండరాయి నీళ్ళల్లో కరగాలంటే మనిషి ఆయుసు చాలదు. పొట్టలోకి పోయిన నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవు గూడా. ఒకవేళ పొడి కరిగినా, అది పెట్టిన మచ్చలు పోవు. ప్రతి రాయీ కరుగుతాదని నేను చెప్పింది నిజమే. ఎవరితో చెప్తాండానో నాకు తెలీలేదు.”

ఓబయ్య అరచేత్తో రొమ్ము తడుముకున్నాడు.

“రెండు రాళ్ళూ తారుమారైంటే బాగుండు,” అన్నాడు. “నాలో ఉండే పొడి నీ విషానికి పెట్టుకోనుంటే వేల ఏండ్లు కరగకుండా ఉండు. నీ బిళ్ళ నా రొమ్ములో ఉండుంటే ఈపాటికి కరిగి పోయుండు. ఇద్దరి పనీ అయ్యుండు.” నవ్వబోతే దగ్గు వచ్చింది. ఈసారి లూదియా ఎడంగా జరగలేదు.

ఆ సాయంత్రం ఆళ్ళగడ్డలో ఆమె పాపను తెచ్చి అతని ఒళ్ళో కూచోబెట్టబోయింది. మరియమ్మ కూడా వద్దనలేదు. ఓబయ్యే రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

“అంటుకోదు మామా. డాక్టరు చెప్పినాడు గదా.”

“దగ్గు అంటదు. దుమ్ము అంటుతాది. ఈ పంచె చూడు.” తొడ మీద తట్టాడు. వాలిన ఎండలో తెల్లటి పొగ లేచింది. “ఇరవై ఏండ్లు గోవిందమ్మ నా గుడ్డలు వాకిట్లో దులిపింది. ఆ వాకిట్లోనే చీపురుతో ఊడ్సింది. నేను ఆడనే కూచోని కూడు తింటి. ఎవురూ చెప్పలే.”

పాప అతని వైపు చేతులు చాచింది. ఓబయ్య చెంబు వంచి తన అరచేయి తడుపుకుని, ఆ తడిచేతిని మాత్రం దానికి అందించాడు. అది ఆ వేళ్ళు పట్టుకుని ఊపింది. అతను పాపను చూస్తూనే లూదియాకు ఒక మాట చెప్పాడు.

ఎండాకాలం రాకముందే ఓబయ్య పోయాడు. ఆఖరు రోజుల్లో పడుకోలేక, దిండు ఒళ్ళో పెట్టుకుని కూచునే ఉన్నాడని గోవిందమ్మ చెప్పింది. కొట్టంవాళ్ళు ఆ పూట ఉలి పట్టలేదు. లూదియా బిళ్ళల పని మళ్ళీ మొదటి నుంచి చేసింది. ఈసారి నూనె తగలకుండా రుద్దించుకుంది. అవి కరిగాయి, మొదట ఎక్కువగా, తర్వాత తక్కువగా, పుస్తకాల్లో రాసినట్టే. ఎవరూ కాఫీ తెప్పించలేదు.

పనిమనిషి కుదిరాక పాప నంద్యాలలో లూదియా దగ్గరే ఉంటోంది. పనిమనిషి బయ్యమ్మకు ఈ ఇంటి పద్ధతి నచ్చదు. నీళ్ళు చల్లి ఊడిస్తే చెత్త అంటుకుంటుందని, పని రెండింతలు అవుతుందని సణుగుతుంది. లూదియా ఆమెతో వాదించదు. చెంబు తనే తీసుకుని ముందు గదంతా చల్లుతుంది, నేల తడిసిందో లేదో వంగి చూస్తుంది, అప్పుడు చీపురు ఇస్తుంది. పాప సంగతిలో ఆమెకున్న వంద భయాలకు మందు లేదు గానీ, ఈ ఒక్కదానికి ఉంది. ఓబయ్య తడిచేతిని పాపకు ఇచ్చి చెప్పింది ఇదే:

“బిడ్డ ఉండే తావున పొడిచీపురు పట్టొద్దమ్మా. నీళ్ళు సల్లి, తడిసినాకనే ఊడ్సు.”